ఒకే సాలులో ఒక పాదు నిండా పేనుబంక, పక్క పాదుకి ఒక్కటీ లేదు. మొక్కకే ఆ గుణం ఉంటుందా?

తాడికొండ_కౌలు

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లా, తాడికొండ దాటాక లోపలికి, నల్లరేగడి. కౌలుకి తీసుకున్న చేలో 80 సెంట్లు ఖర్బూజా పెట్టాను, డ్రిప్పు, మల్చింగ్ షీటు అన్నీ వేసే పెట్టాను. ఇవాళ్టికి నాటి 38 రోజులు. పక్క చేను పత్తి, సంక్రాంతి అయ్యాక కట్టె పీకేశారు, పీకిన వారానికల్లా నా తోటలో పేనుబంక దిగింది. ఆకు తిప్పితే అడుగున నువ్వులు చల్లినట్టు, పసుపువి, ఆకుపచ్చవి, నల్లవి అన్నీ కలిసి. చివర్లు ముడుచుకుపోయాయి. కింది ఆకుల మీద జిగట, వేలు పెడితే అంటుకుంటోంది, దాని మీద మసి కూడా పట్టడం మొదలైంది.

అడగాలనుకున్నది మందు గురించి కాదు. మందు రెండుసార్లు కొట్టాను, షాపులో ఇచ్చింది ఒకసారి, పక్కచేను ఆయన చెప్పింది ఒకసారి. మూడు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ అంతకంత వచ్చింది. అది వేరే బాధ.

నా డౌటు ఏంటంటే, నాలుగో సాలులో వరసగా మూడు పాదులున్నాయి, వాటికి అసలు పేనుబంక లేదు. అటు పాదుకీ ఉంది, ఇటు పాదుకీ ఉంది, తీగలు ఒకదాని మీద ఒకటి పాకి కలిసిపోయాయి, అయినా వీటి ఆకు తిప్పితే కడిగినట్టు ఉంది. ఒకే ప్యాకెట్టు విత్తనం, ఒకే రోజు నాటినవి, నీళ్లూ ఎరువూ ఒకటే పైపులోంచి. ఇంకోటి, గట్టు మీద తనంతట తనే మొలిచిన బుడమ తీగ ఉంది, కాయలు కూడా పడ్డాయి, దానికీ ఒక్క పురుగు లేదు. మా నాన్న అయితే "బుడమకి రోగం రాదురా, దాన్ని ఎవడు నాటాడు, ఎవడు మందు కొట్టాడు" అంటాడు.

నిజంగా మొక్కకి పుట్టుకతోనే తట్టుకునే గుణం ఉంటుందా? ఉంటే ఆ మూడు పాదుల కాయలు కొయ్యకుండా ఉంచి గింజ తీసుకుంటే వచ్చే ఏడు ఈ గోల తప్పుతుందా? హైబ్రిడ్ గింజ రేటు మీకు తెలిసిందే, బరువు లెక్క పోయి గింజల లెక్కన అమ్ముతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

మిర్చిఘాటు

అన్నా, మాది ప్రత్తిపాడు వైపు. గుణాలు, జాతకాలు తర్వాత చూద్దువు, ముందు పంట కాపాడుకో. 38 రోజులంటే పూత మీద ఉంటుంది, ఇప్పుడు చివర్లు ముడిస్తే పిందె నిలవదు. నువ్వు కొట్టింది ఇమిడా గానీ థయోమిథాక్సామ్ గానీ అయ్యుంటుంది, పత్తి మీంచి వచ్చిన పేనుబంకకి అవి మంచినీళ్లే. పత్తి గింజకి పూసేదే ఆ మందు, పుట్టిన దగ్గర్నుంచి తింటూ పెరిగిన పురుగు అది. మందు మార్చు. 2021లో మిర్చికి నల్లతామర పురుగు వచ్చినప్పుడు మేం కూడా ఇలాగే ఒకటే మందు నాలుగుసార్లు కొట్టుకుని పెట్టుబడి మొత్తం పోగొట్టుకున్నాం. చూస్తూ కూర్చోకు, అంతే నేను చెప్పేది.

మేడమీద_తోట

విజయవాడ, సత్యనారాయణపురం. నాది పొలం కాదు, డాబా మీద పన్నెండు గ్రో బ్యాగులు, అందులో రెండు దోస పాదులు. నాకూ ఇలాగే ఒకదానికి విపరీతంగా, రెండోదానికి అసలు లేకుండా ఉండేది. వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తేలింది ఏంటంటే, పట్టిన పాదు పిట్టగోడకి ఆనుకుని ఉంది, గోడ మీంచి చీమల బారు నేరుగా తీగ మీదికి ఎక్కుతోంది. చీమలకి ఆ జిగట తీపి కావాలి, అందుకని పేనుబంకని గొడ్లని కాసుకున్నట్టు కాసుకుంటాయి, దాన్ని తినే పురుగు వస్తే కరిచి తరిమేస్తాయి. బ్యాగు కింద ఇటుకలు పెట్టి, ఇటుకల్ని నీళ్ల పళ్లెంలో పెట్టాను. సబ్బు నీళ్లు లీటరుకి 5 మి.లీ. కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా రెండుసార్లు కొట్టాను. పోయింది.

కాబట్టి బాబూ, ముందు మీ మూడు పాదుల దగ్గర చీమలు ఉన్నాయో లేవో చూడండి. బుడమ సంగతి మాత్రం నాకు తోచింది చెబుతా, దాని ఆకు చేదుగా ఉంటుంది, చేదు పురుగుకి పడదు, అందుకే రాదేమో.

ఆకు_అడుగున

నేను బాపట్లలో ఏజీ బీఎస్సీ చదివాను, తర్వాత కొన్నాళ్లు కూరగాయ విత్తనాల ట్రయల్స్‌లో పనిచేశాను, ఇప్పుడు వేరే ఉద్యోగం. ఈ విషయం నాకు బాగా ఇష్టం, అందుకే పొడుగ్గా రాస్తున్నా, ఓపిక ఉంటేనే చదవండి.

తాడికొండ గారూ, మీ ప్రశ్నకి సమాధానం అవును. ఖర్బూజాలో పేనుబంకని పుట్టుకతోనే తట్టుకునే గుణం ఉంది, అది ఊహ కాదు, ఏ జన్యువు వల్ల వస్తుందో కూడా తేల్చేశారు. కానీ మీ మూడు పాదులకి అది ఉందంటే నేను నమ్మను. ఎందుకో చెబుతా.

మీరు నాటింది హైబ్రిడ్, అంటే ఎఫ్1. ఒక తల్లి రకం, ఒక తండ్రి రకం, రెండూ స్థిరపడినవి, వాటిని కలిపితే వచ్చిన మొదటి తరం గింజ. ఆ ప్యాకెట్లో ఉన్న గింజలన్నీ దాదాపు కవల పిల్లల్లాంటివి. ఒకదానికి తట్టుకునే గుణం ఉంటే అన్నిటికీ ఉండాలి, లేకపోతే దేనికీ ఉండకూడదు. ఎక్కడో ఒక గింజ కల్తీ వచ్చిందంటే అర్థం చేసుకోవచ్చు, మూడు కల్తీ గింజలు వరసగా పక్కపక్కనే పడ్డాయా? అక్కడ మొక్కలో కాదు, ఆ చోటులో ఏదో తేడా ఉంది. వెతకండి.

బుడమ మాత్రం వేరే కథ. మీ నాన్నగారి మాట కొట్టిపారేయొద్దు. ఖర్బూజా, మనం పప్పులో వేసుకునే పసుపు దోసకాయ, గట్టు మీద బుడమ, ఈ మూడూ ఒకటే జాతి, కుకుమిస్ మెలో. చూస్తే ఒకదానికొకటి సంబంధం లేనట్టుంటాయి గానీ ఒకదాని పుప్పొడి ఇంకోదాని మీద పడితే గింజ కడుతుంది. కీరా పేరులో దోస ఉన్నా అది వేరే జాతి. ఈ మెలో జాతిలో ఎన్ని రకాలున్నాయో చూడాలంటే మన దేశానికి మించిన చోటు తక్కువ, అందులో చాలా వరకు ఇలా గట్ల మీదా బీళ్లలోనూ ఎవరికీ పట్టకుండా ఉన్నవే.

ఈ గుణం బయటపడింది మాత్రం ఫ్రాన్సులో. అవిన్యోన్ పక్కన మోంఫావే అనే చోట ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. 1970ల చివర్లో అక్కడివాళ్లు కొరియా నుంచి తెప్పించిన సాంగ్‌వాన్ చార్మి అనే రకంలో ఒక విచిత్రం చూశారు. పత్తి మీద బతికే పేనుబంక, అంటే మీ తోటలో దిగిందే, ఏఫిస్ గాసిపై, ఆ మొక్క మీద నిలవట్లేదు. అంతకంటే విచిత్రం, ఆ పురుగు మోసుకొచ్చే కుకుంబర్ మొజాయిక్ వైరస్ కూడా మొక్కకి అంటట్లేదు. అదే వైరస్‌ని చేత్తో ఆకు మీద రుద్దితే అంటుకుంటోంది, వేరే జాతి పేనుబంకతో పంపినా అంటుకుంటోంది, ఈ పత్తి పేనుబంక తెస్తే మాత్రం లేదు! తర్వాత అలాంటి గుణమే మన దేశం నుంచి వెళ్లిన రకాల్లోనూ దొరికింది, పీఐ 414723 అనే నంబరుతో బ్రీడర్లంతా వాడేది మన గింజే. ఆ జన్యువుకి వ్యాట్ అని పేరు పెట్టారు. ఖర్బూజాలో 5వ క్రోమోజోమ్ మీద ఉంటుంది.

అది ఎలా పనిచేస్తుందో చెబితే మీకు నచ్చుతుంది. పేనుబంక మనలాగా ఆకు నమలదు, నోరంతా ఒక సూది. ఆ సూదిని ఆకు తొక్కలోంచి కణాల సందుల్లో దోవ చేసుకుంటూ దించుతుంది, మధ్యమధ్యలో ఒక్కో కణాన్ని గుచ్చి రుచి చూస్తుంది, చివరికి చక్కెర రసం పారే నాళం దొరికాక అక్కడ సెటిలై గంటల తరబడి తాగుతుంది. వ్యాట్ ఉన్న మొక్క ఆ రుచి చూసేటప్పుడే పసిగడుతుంది. గుచ్చిన చోట కణాల గోడలకి కాలోజ్ అనే పదార్థం పేరుకుంటుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, చుట్టుపక్కల కొన్ని కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. సూదితో పాటు వచ్చిన వైరస్ కూడా ఆ చచ్చిన కణాల్లోనే ఇరుక్కుపోతుంది. పురుగు లోపల ఏం చేస్తోందో చూడ్డానికి ల్యాబుల్లో ఒక పద్ధతి ఉంది: పేనుబంక వీపు మీద వెంట్రుక కంటే సన్నని బంగారు తీగ జిగురుతో అంటిస్తారు, కుండీ మట్టిలో ఇంకో తీగ గుచ్చుతారు, చిన్న కరెంటు పంపుతారు. సూది ఏ పొరలో ఉందో దాన్నిబట్టి గ్రాఫు మారుతుంది. తట్టుకునే ఖర్బూజా మీద ఇలా చూస్తే పురుగు నాళం దాకా పోతుంది గానీ అక్కడ నిలబడి తాగలేకపోతుంది. ఆకలితో ఆకు వదిలి పోతుంది. పోకుండా ఉన్నవి పిల్లల్ని తక్కువ పెడతాయి, ఆకు కూడా అంతగా ముడవదు.

మేడమీద గారూ, మీ చీమల మాట నూటికి నూరు పాళ్లు నిజం, కానీ చేదు సంగతి అంత సులువు కాదు. దోస జాతుల్లో చేదు కుకుర్బిటాసిన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. వ్యాట్‌కీ దానికీ సంబంధం లేదు, తియ్యటి ఖర్బూజాలోనే ఆ జన్యువు పెట్టి దశాబ్దాలుగా అమ్ముతున్నారు. పైగా ఆ చేదు కొన్నిటికి విందు, గుమ్మడి పెంకు పురుగు చేదు ఉన్న మొక్కనే వెతుక్కుంటూ వస్తుంది.

ఇక మీరు చెయ్యగలిగిన పని ఒకటి చెబుతా తాడికొండ గారూ, ఖర్చు లేదు. తట్టుకునే మొక్కా, లేక పురుగు ఇంకా దొరకపుచ్చుకోని మొక్కా అనేది కళ్లతో చూసి చెప్పలేం. పురుగుని మనమే తీసుకెళ్లి మొక్క మీద పెట్టి చూడాలి. రీసెర్చ్ వాళ్లు చేసేదీ ఇదే. దోమతెర గుడ్డతో చిన్న సంచులు కుట్టించండి, ఒక లేత ఆకు పట్టేంత. పిల్లలు బొమ్మలకి రంగులేసే మెత్తని బ్రష్షు తీసుకుని రెక్కల్లేని పెద్ద పేనుబంకలు పదింటిని నెమ్మదిగా ఎత్తి ఆకు అడుగున దించండి, సూది ఆకులో ఉన్నప్పుడు లాగితే నోరు తెగిపోతుంది, ముందు బ్రష్షుతో మెల్లగా తట్టి కదిలించాకే ఎత్తాలి. సంచి తొడిగి కాడ దగ్గర దారంతో కట్టండి. రెండు రోజులకి ఒకసారి ఎన్ని మిగిలాయో లెక్క, వారానికి పిల్లలతో సహా మళ్లీ లెక్క. ఆ మూడు పాదులకీ, బుడమకీ, పోలిక కోసం బాగా పట్టిన పాదులో ఒక శుభ్రమైన ఆకుకీ, అన్నిటికీ ఒకే రోజు. పోలిక లేకపోతే మీ లెక్క దేనికీ పనికిరాదు. మందు కొట్టిన ఆకైతే కనీసం పది రోజులు ఆగండి, లేదా మందు పడ్డాక కొత్తగా వచ్చిన ఆకు చూసుకోండి.

పుచ్చ_ముచ్చట

సార్ మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మాది కొల్లిపర వైపు లంక, ఇసక నేల, పుచ్చకాయ వేస్తాం. పుచ్చలో కూడా ఆ వ్యాట్ ఉన్న విత్తనం దొరుకుతుందా? మాకు పేనుబంక ఒకటే కాదు, చివర్లు మాడిపోయి తీగ నిలువునా పైకి లేచి ఆగిపోతోంది.

ఆకు_అడుగున

పుచ్చ వేరే ప్రజాతి అండీ, సిట్రల్లస్. ఖర్బూజాతో సంకరం కాదు, కాబట్టి ఆ జన్యువు ఇందులోకి మామూలు బ్రీడింగ్‌తో రాదు. మీరు చెప్పిన చివర్లు మాడి లేచి నిలబడేది పేనుబంక వల్ల వచ్చింది కాకపోవచ్చు, మొవ్వు కుళ్లు వైరస్ లాగా ఉంది, దాన్ని మోసేది తామర పురుగులు. అది వేరే పోస్టు పెట్టి ఫోటో కూడా జత చెయ్యండి, ఇక్కడ కలిపితే ఇద్దరి సంగతీ గందరగోళం అవుతుంది.

దీన్నిబట్టి ఖర్బూజా వాళ్లకి కూడా ఒక మాట. వ్యాట్ ఉన్నంత మాత్రాన తోటకి వైరస్ రాదని కాదు. అది కాపాడేది ఒక్క పత్తి పేనుబంక నుంచే. మన జిల్లాలో మిర్చి, పొగాకు మీద ఉండే మైజస్ అనే ఇంకో పేనుబంక వచ్చి గుచ్చి వైరస్ వదిలిపోతే ఈ జన్యువు చూస్తూ ఊరుకుంటుంది. తెల్లదోమ తెచ్చే వాటికీ అంతే. పైగా పత్తి పేనుబంకలోనే కొన్ని సంతతులు వ్యాట్ ఉన్న మొక్క మీద కూడా బతకడం నేర్చుకున్నాయి, ఫ్రాన్సులో అవి కనిపించాయి. ఆడ పేనుబంక మగదానితో పని లేకుండా తనలాంటి పిల్లల్నే కంటుంది కదా, ఒకటి నేర్చుకుంటే దాని సంతానం అంతటికీ వచ్చేసినట్టే.

మిర్చిఘాటు

మరి ఆ గుణం ఉన్న విత్తనం అడిగితే షాపులో ఇస్తారా? మా ఊరి షాపాయన్ని వ్యాట్ అని అడిగితే జీఎస్టీ గురించి అనుకుంటాడు 😀

ఆకు_అడుగున

😀 ప్యాకెట్టు మీద గానీ కేటలాగులో గానీ జబ్బుల నిరోధం దగ్గర కోడ్ అక్షరాలు ఉంటాయి. ఖర్బూజాకి ఎండు తెగులు రేసుల నంబర్లు రాసే చోటే 'ఏజీ' అని ఇంగ్లిష్ అక్షరాలు రెండు ఉంటే ఏఫిస్ గాసిపై అని అర్థం. వ్యవసాయం ఏజీ అనుకోకండి. ఆ అక్షరాలు లేకుండా ఊరికే "రసం పీల్చే పురుగులను తట్టుకుంటుంది" అని తెలుగులో పెద్దగా రాసి ఉంటే మాత్రం నేను పట్టించుకోను.

తాడికొండ_కౌలు

తొమ్మిది రోజులైంది, ఆలస్యానికి క్షమించాలి, రాయడానికి ఏదైనా తేలాలి కదా అని ఆగాను.

మీరు చెప్పినట్టే చేశాను సార్. మా అమ్మ పాత దోమతెర కత్తిరించి ఐదు సంచులు కుట్టింది. బ్రష్షు మా పాపది. మొదటి రోజు పదిని ఎత్తడానికి గంట పట్టింది, సగం నలిపేశాను, మా ఆవిడ చూసి నవ్వి తనే తీసుకుని అరగంటలో నలభై పెట్టింది. అందరూ వచ్చి పేనుబంకని చంపకుండా మొక్కకి అంటిస్తున్నాడని చూసి పోయారు, ఆ కథ ఊరంతా తిరిగింది.

రెండు రోజులకి లెక్క: పట్టిన పాదులో పదికి 9. శుభ్రంగా ఉన్న మూడు పాదుల్లో 9, 8, 10. బుడమలో 4.

వారానికి లెక్క: పట్టిన పాదు సంచిలో వంద దాటాక లెక్క ఆపేశాను. శుభ్రమైన పాదుల్లో మొదటిదానిలో 80 పైన, రెండోదానిది సంచి చిరిగి చీమలు దూరాయి, అది లెక్కలోకి తీసుకోలేదు, మూడోదానిలో ఇంచుమించు వంద. ఆకులు కూడా ముడుచుకున్నాయి. అంటే మీరన్నట్టే వాటికి ఏ గుణమూ లేదు. బుడమ సంచిలో పెద్దవి 2, పిల్లలు 5, ఆకు చదునుగా అలాగే ఉంది.

మరి ఆ మూడు పాదులకి ముందు ఎందుకు పట్టలేదు అని నేను ఇంకా బుర్ర గోక్కుంటుంటే మా ఆవిడ గుర్తు చేసింది. రెండోసారి మందు కొట్టిన రోజు ట్యాంకు నాలుగో సాలు చివర్లో మూడు పాదులుండగా అయిపోయింది. చీకటి పడుతోందని ఆ కాసిని పాదులు వదిలేసి, మర్నాడు కలిపినప్పుడు ఐదో సాలు నుంచి మొదలుపెట్టాను. అంటే ఆ మూడు పాదులకి మందు పడలేదు!

వెళ్లి మళ్లీ కూర్చుని చూశాను. ఆ మూడింటి మీద నల్లగా, పొడుగ్గా, ఒళ్లంతా ముళ్లతో బుల్లి మొసళ్లలాంటి పురుగులు తిరుగుతున్నాయి, వీపు మీద నారింజ చుక్కలు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, మొదట్లో అవి వేరే కొత్త పురుగనుకుని ఓ ఇరవై దాకా నేనే వేలితో నలిపేశాను. ఫోటో తీసి రైతు సేవా కేంద్రంలో అమ్మాయికి చూపిస్తే అవి అక్షింతల పురుగు పిల్లలండీ, పేనుబంకని తినేవి అవే అంది. పెద్ద అక్షింతల పురుగు ఎర్రగా గుండ్రంగా ఉంటుందని తెలుసు, దాని పిల్ల ఇలా ఉంటుందని 40 ఏళ్లొచ్చినా నాకు తెలియదు.

మూడో మందు కోసం తెచ్చిన డబ్బా అలాగే పెట్టేశాను. బాగా ముడుచుకున్న చివర్లు గిల్లి గోనెసంచిలో వేసి బయటికి తీసుకెళ్లి కాల్చాను, వేపనూనె సాయంత్రం పూట ఒకసారి కొట్టాను. ఇప్పుడు ఆ మొసళ్లు మూడో సాలుకీ ఐదో సాలుకీ పాకాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. బుడమకి గుణం ఉన్నట్టే కదా? దాని పుప్పొడి ఖర్బూజాకి పెట్టి నేనే ఒక రకం తయారుచేసుకోవచ్చా?

మిర్చిఘాటు

అన్నా నీకు దండం. నేను రేపు పొద్దున్నే నా మిర్చిలో మొసళ్లు వెతుక్కోవాలి. మందు మార్చమన్న నా మాట వెనక్కి తీసుకోను గానీ, కొట్టే ముందు ఆకు తిప్పి ఎవరెవరు ఉన్నారో చూడాలన్నది మాత్రం ఒప్పుకుంటా.

మేడమీద_తోట

ఆ పిల్ల పురుగుల్ని నేను కూడా రెండేళ్ల క్రితం సబ్బు నీళ్లతో చంపేశానేమో అని ఇప్పుడు డౌటు వస్తోంది. మీ ఆవిడకి నా తరఫున అభినందనలు, అరగంటలో నలభై అంటే మామూలు విషయం కాదు.

ఆకు_అడుగున

ఇంత శ్రద్ధగా చేస్తారని నేను అనుకోలేదు తాడికొండ గారూ. సంచి కట్టడంలో ఉన్న గొప్ప అదే, లోపలికి అక్షింతల పురుగు రాదు కాబట్టి మొక్క ఒంటరిగా ఏం చేస్తుందో తెలిసిపోయింది.

బుడమకి ఏదో ఉంది, ఆ మేరకు మీ లెక్క గట్టిదే. కానీ ఒక్క తీగ, ఒక్క ఆకు, ఒక్క వారం. దాని ఆకు చిన్నది, నూగు ఎక్కువ, వయసు కూడా మీ ఖర్బూజా కంటే ఎక్కువై ఉండొచ్చు, ముదురు ఆకు మీద పేనుబంక ఎక్కడైనా తక్కువే పెరుగుతుంది. అది వ్యాటా, ఇంకోటా అనేది ఈ లెక్కతో తేలదు. గింజ తీసి ప్రోట్రేలో పది మొలకలు పెంచి, పక్కనే పది ఖర్బూజా మొలకలు పెట్టి, రెండాకుల దశలో మళ్లీ ఇదే పరీక్ష చెయ్యండి. అప్పుడు పదిలో ఎన్ని తట్టుకున్నాయో చూస్తే మాట్లాడుకోవచ్చు.

సంకరం చేయొచ్చా అంటే చేయొచ్చు, కానీ వచ్చే మొదటి తరం కాయ బుడమంత చిన్నదిగా, చప్పగానో చేదుగానో ఉంటుంది. దాన్ని మళ్లీ ఖర్బూజాతో కలపాలి, వచ్చిన మొలకల్లో పేనుబంక పెట్టి తట్టుకున్నవే ఏరాలి, మళ్లీ కలపాలి, ఇలా ఐదారు తరాలు. కౌలు చేలో అయ్యే పని కాదు, నేల వచ్చే ఏడు మీ చేతిలో ఉంటుందో లేదో మీకే తెలియదు కదా. ఇంకో సంగతి, గట్టు మీద బుడమ ఉందంటే తేనెటీగలు ఇప్పటికే దాని పుప్పొడి మీ ఖర్బూజాకి పూసే ఉంటాయి. ఈ ఏడు కాయ రుచికి ఏమీ కాదు, అమ్ముకోండి. కానీ ఆ కాయల గింజ దాచి నాటితే వచ్చే ఏడు ఏం కాస్తుందో చెప్పలేం. హైబ్రిడ్ గింజ ఎలాగూ దాచకూడదు, ఒకవేళ తట్టుకునే హైబ్రిడ్ అయినా, తల్లి తండ్రుల్లో ఒక్కరి దగ్గర్నుంచే ఆ గుణం వచ్చి ఉంటే, దాచిన గింజలో నాలుగింట ఒక మొక్కకి అది ఉండదు. రుచి, సైజు కూడా అలాగే చెదిరిపోతాయి.

బుడమ గింజ మాత్రం స్వచ్ఛంగా తీసుకోండి. రేపు విచ్చుకోబోయే మొగ్గని సాయంత్రమే, పసుపు రంగు కొసలో కనిపిస్తుంది, దారంతో ముడేసి మూసేయండి, పిందె ఉన్న మొగ్గ ఒకటి, పిందె లేని మగ మొగ్గ ఒకటి, రెండూ అదే తీగవి. పొద్దున్నే మగ పువ్వు కోసి రేకులు తీసేసి, పిందె పువ్వు మధ్యలో మెల్లగా రాసి మళ్లీ ముడేయండి. కాడకి రంగు దారం గుర్తు కట్టండి. పండి రాలేదాకా కొయ్యొద్దు. ఆ గింజలో కొంచెం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రానికి పంపండి, ఇలాంటి గట్టు మీద గింజల్ని సేకరించి దాచడం వాళ్ల పని. మీ లెక్కల కాగితం కూడా జత చెయ్యండి.

తాడికొండ_కౌలు

సార్, మీ మెసేజ్ చదివి గట్టు మీదికి పరిగెత్తాను. మా అమ్మ అప్పటికే కాయలన్నీ కోసి, చక్రాల్లా తరిగి, ఉప్పు పట్టించి వరుగులకి డాబా మీద ఎండబెట్టింది. ఆకు కింద దాక్కున్నవి రెండు మిగిలాయి. ఎర్ర దారం కట్టి "ఇవి కొయ్యొద్దమ్మా" అని చెప్పి వచ్చాను, కొయ్యనంది. మొగ్గ కూడా ఒకటి దొరికింది, సాయంత్రం ముడేస్తాను. బ్రష్షు మా పాపకి తిరిగిచ్చేశాను, అది మాత్రం ఇక వద్దంటోంది.